ముల్లు ఎత్తేసిన చోటు

పోయిన నెల మా తమ్ముడి కూతురు ప్రశాంతి బెంగళూరు నుంచి నంద్యాలకు వచ్చినప్పుడు, కారులోంచి ముందుగా దించింది బట్టల సంచీ కాదు. ఒక పలచటి అట్టపెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఎత్తుకుని లోపలికి వచ్చి, "అత్తా, ముందు కళ్ళు మూసుకో" అంది. అరవై దాటినదాన్ని, ఊళ్ళో సగం మందికి తెలుగు పాఠం చెప్పి రిటైరైనదాన్ని, నాతో ఈ ఆటలేమిటని విసుక్కుంటూనే మూసుకున్నాను. తెరిచేసరికి నా ఒళ్ళో ఒక రికార్డు అట్ట ఉంది. నీలం చీకట్లో ఒక నల్లజాతి మనిషి, తల కాస్త పక్కకు వాల్చి, సాక్సోఫోన్ మూతిని పెదాలకు ఆనించి నిలబడి ఉన్నాడు. మా ఇంట్లో ఉన్న పాత అట్ట మీద కూడా అదే బొమ్మ. కాకపోతే దాని మూల చెదలు తినేసింది, అందువల్ల ఆ మనిషికి మోచేయి ఉండేది కాదు. ఇన్నేళ్ళకు ఆయన మోచేతిని చూశాను.

ప్రశాంతికి ఈ రికార్డుల పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో మా తమ్ముడికి తెలియదు కానీ నాకు తెలుసు, మా నాయన నుంచి వచ్చింది. అమెరికాలో ఆ పాటలు రికార్డు చేసిన నాటి అసలు టేపును బయటికి తీసి, దానినుంచి మళ్ళీ కొత్తగా, ముల్లు నడిచే గాళ్ళు చెక్కించి, బరువైన రికార్డుగా అచ్చు పోశారట. చేత్తో పట్టుకుంటే మా అమ్మ చేసే జొన్నరొట్టె అంత బరువుంది. "నీ చిన్నప్పటి పాట ఇదే కదా, నువ్వు ఎన్నిసార్లు చెప్పినావ్! ప్లేయర్ కూడా తెచ్చినా, నీతో కలిసి వినాలని" అని ఆ పిల్ల ఎగిరిపోతోంది. నేను మాత్రం అట్టను తిప్పి రెండో వైపు పాటల పేర్లు చూశాను. ఆ పిల్లకు చెప్పని సంగతి ఒకటుంది. మా పాత రికార్డులో రెండో వైపు చివరి పాటను పాడుచేసింది నేనేనని యాభై ఏళ్ళుగా నాకు తెలుసు. ఆ సంగతి నేను దాచినందువల్ల ఒక పెద్దమనిషి మా ఇంటి గడప తొక్కడం మానుకున్నాడు. ఇప్పుడు ఆ పాట బాగున్నది బాగున్నట్టుగా వినిపిస్తే, నేను చేసిన పని ఎంతటిదో నా చెవులతో నేనే వినాలి.

మా నాయన మిషన్ బడిలో తెలుగు అయ్యవారు. రత్నం సారంటే కాంపౌండు మొత్తానికి తెలుసు. మిషన్ ఆసుపత్రిలో ఒక దొర డాక్టరు ఉండేవాడు. ఆయనకు తెలుగు నేర్పడానికి నాయన సాయంత్రాలు బంగళాకు వెళ్ళేవాడు. దొర తెలుగు ఒత్తులు పలకడానికి పడే అవస్థను ఇంటికొచ్చి మాకు ఆడి చూపించేవాడు. పాఠం జరుగుతున్నంతసేపూ ఆ బంగళాలో ఈ రికార్డు తిరుగుతూ ఉండేదట. మొదటి వైపు అయిపోయేసరికి పాఠమూ అయిపోయేది, దొరకు భోజనం వేళయ్యేది. అందుకని మా నాయన మొదటి వైపు కొన్ని వందలసార్లు విన్నాడు కానీ రెండో వైపు ఒక్కసారి కూడా వినలేదు. "అది ఏడుపు కాదు సుగుణా. ఏడ్చి, లేచి, మొగం కడుక్కున్నాక వచ్చే గొంతు అది" అనేవాడు నాతో. మా చర్చి గుడిలో కీర్తనలు తప్ప వేరే పాట ఎరగని మనిషికి నల్లజాతివాళ్ళ ఆ బ్లూస్ సంగీతం ఎట్లా ఎక్కిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దొర తన దేశానికి వెళ్ళిపోతూ ప్లేయరునూ, ఒకే ఒక్క ముల్లునూ, ఈ ఒక్క రికార్డునూ మా నాయన చేతిలో పెట్టి పోయాడు.

పాఠాలు ఆగిపోయాక ఒక వానాకాలమంతా దొరగారి ట్రంకులో ఉండి రికార్డు బూజు పట్టి వచ్చింది. మా అమ్మ దీనమ్మకు తెలిసిన వైద్యం ఒకటే, ఏ వస్తువైనా కడగడం, ఎండబెట్టడం. మా పుస్తకాలు తడవకుండా ఎట్లా బతికాయో దేవుడికే ఎరుక. ఇంకా ఒక్కసారి కూడా పెట్టకముందే, నాయన బడికి పోయిన తర్వాత ఆమె ఆ రికార్డును కుంకుడుకాయ నురుగుతో శుభ్రంగా కడిగి, మిద్దె మీద వడియాల పక్కన పాత చీర పరిచి ఎండబెట్టింది. ఏప్రిల్ నెల, నంద్యాల ఎండ. నాయన మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి ఆ రికార్డు నూనెలో వేసిన అప్పడం మాదిరి నాలుగు పక్కలా లేచి కూర్చుంది. "కడిగి ఎండబెట్టినా, దాంట్లో తప్పేముంది? గిన్నెలు కడిగితే వంగుతాండాయా?" అని అమ్మ ఎదురు అడిగింది. నాయన అరవలేదు. చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూర్చుని, రికార్డును కంటి ఎత్తుకు పట్టుకుని వంకరలు చూస్తూ ఉండిపోయాడు. ఆ పూట ఆయన రొట్టె ముట్టలేదు. అరిచి ఉంటే అమ్మకూ నాకూ తేలిగ్గా ఉండేది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. అక్కడ బ్రహ్మయ్య ఆచారి ఉన్నాడు, నాయన స్నేహితుడు. ఆయన దేవుళ్ళను చెక్కే శిల్పి, మా నాయనేమో సండే స్కూలు నడిపే మనిషి. వీళ్ళిద్దరినీ కలిపింది అక్షరాలు. మా శ్మశానంలో సమాధి రాళ్ళ మీద పేర్లు ఆచారే చెక్కేవాడు. చెక్కబోయే పేరును మా నాయన తన గుండ్రటి చేతిరాతతో కాగితం మీద రాసి ఇచ్చేవాడు. "మీ రాత మీద ఉలి పెడితే అదే దారి సూపిస్తాది అయ్యవారూ" అనేవాడాయన. నెలకో ఆదివారం ఆ పని మీద వచ్చి మధ్యాహ్నం దాకా మా ఇంట్లో ఉండేవాడు. మా కోడికూర ఆయన తినడు కాబట్టి అమ్మ విడిగా పెరుగన్నం కలిపి పెట్టేది. ఆయన పక్కన కూర్చుంటే తడి రాయి వాసన, ఇంగువ వాసన కలిసి వచ్చేవి. ఆయనను నేను మామా అని పిలిచేదాన్ని, ఆయన కూడా నన్ను కోడలా అని ఆటపట్టించేవాడు.

ఆచారి మామ రికార్డును తిప్పి తిప్పి చూసి, "మెత్తబడి వంగినాది కదా, మెత్తబడే సక్కనవుతాది" అన్నాడు. బేతంచెర్ల నాపరాతి బండల్లోంచి రెండు ఏరాడు. ముందుగా ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో కొట్టి, తల వంచి, చెవి పెట్టి విన్నాడు. మంచి బండ కంచు గంట మాదిరి మోగుతుంది, లోపల పగులుంటే చచ్చు మోత వస్తుంది. మొదట తీసిన రెండింటిని పక్కన పడేశాడు, మూడోదీ నాలుగోదీ ఒప్పుకున్నాడు. ఆ రెంటినీ ఇసుకా నీళ్ళూ పోసి ఒకదానిమీద ఒకటి పొద్దు వాలేదాకా రుద్దాడు. పై బండను ఎత్తితే కింది బండ కూడా అంటుకుని లేచి రావాలట, అప్పుడుగానీ చదునైనట్టు కాదట. పలచటి మల్లు గుడ్డలో చుట్టిన రికార్డును ఆ రెంటి మధ్యా పెట్టి, మర్నాటి పొద్దుటి ఎండలో కాసేపు కాగనిచ్చి, తర్వాత నీడకు జరిపాడు. మూడు రోజులు ఎవరినీ తాకనివ్వలేదు. మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నప్పుడు రికార్డు పలక మాదిరి చదునుగా ఉంది. బస్సులో నాయన దాన్ని నా ఒళ్ళో కూడా పెట్టనివ్వలేదు.

నా పని ఇక్కడ మొదలైంది. ఆచారి మామ ఆదివారం వస్తానన్నాడు, ఆయన వచ్చేదాకా వినకూడదని నాయన ఒట్టు పెట్టుకున్నాడు. శనివారం నేను అట్టలోంచి నెమ్మదిగా తీసి చూస్తే రికార్డు గాళ్ళలో సన్నగా తెల్లటి రాతిపొడి కనిపించింది. నాకు పదేళ్ళు, అమ్మ కూతురిని. గిన్నెలు తోమే కొత్త కొబ్బరిపీచు తీసుకుని, నాయన మెచ్చుకుంటాడనుకుని, రెండో వైపు గుండ్రంగా తోమేశాను. తోమి, పమిటతో తుడిచినట్టు నా గౌను అంచుతో తుడిచి, మళ్ళీ అట్టలో పెట్టేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక నాయన చేతులు సబ్బుతో కడుక్కుని, ఎన్నడూ వినని రెండో వైపే ముందు పెట్టాడు. ఆచారి మామ గోడకు ఆనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఎనుము ఈనేటప్పుడు ఇట్లనే అరుస్తాది" అని అమ్మ వంటింట్లోంచి అంది. ఇద్దరు మగవాళ్ళూ పట్టించుకోలేదు. చివరి పాట వచ్చింది. సాక్సోఫోన్ కిందికి, ఇంకా కిందికి దిగి, ఊపిరి కోసం ఆగినట్టు ఆగిన చోట టక్కుమని ఒక దెబ్బ, దాని వెనకనే కిర్రుమని ఒక మూలుగు. నాయన పాము తగిలినట్టు లేచి ముల్లు ఎత్తేశాడు. ఉన్నది ఒకటే ముల్లు, అది విరిగితే మద్రాసులో కూడా దొరకదని ఆయన భయం.  ఆచారి మామ రికార్డు అడిగి తీసుకుని, వాకిట్లో వెలుతురుకు వాల్చి, చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తలెత్తితే నేను, గడపదాకా వచ్చి నిలబడిన అమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కున్నాను. "అయ్యవారూ, నా బండలో యాడో పగులుంది. గుర్తుపట్టలేకపోయినా. తప్పు నాది" అన్నాడు. నాయన పోనీలే ఆచారీ అన్నాడు కానీ ఆ అనడంలో పోనిచ్చిన గొంతు లేదు. నేనే తోమానని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం నేను నోరు విప్పలేదు.

ఆచారి మామ మళ్ళీ మా ఇంటికి రాలేదు. సమాధి రాళ్ళు లారీలో వచ్చేవి, పేర్ల కాగితాలు బస్సు డ్రైవరు చేతిలో పోయేవి. నాయన ఆదివారాలు రికార్డు పెడుతూనే ఉండేవాడు. కానీ రెండో వైపు చివరి పాట దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో ముందుకు జరిగి, సరిగ్గా ఆ దెబ్బకు ముందు ముల్లు ఎత్తేసేవాడు. పాట మధ్యలో తెగిపోయి మిగిలిన ఆ నిశ్శబ్దం నాకు పెట్టిన శిక్ష అని నేను లోపల్లోపల అనుకునేదాన్ని. తర్వాత ప్లేయరు చెడిపోయింది, రికార్డు బీరువా అడుక్కు చేరింది, నాయన వెళ్ళిపోయాడు. అప్పుడు ఆళ్ళగడ్డ నుంచి అడగకుండానే రాయి వచ్చింది. దానిమీద నాయన పేరు నాయన చేతిరాతలోనే ఉంది. పాత కాగితాల్లోంచి ఒక్కొక్క అక్షరం ఏరి చెక్కినట్టున్నాడు ఆచారి మామ. సమాధి దగ్గర నిలబడి నేను ఏడ్చిన ఏడుపులో సగం నాయన కోసం కాదని ఎవరికీ తెలియదు.

ఇవన్నీ కడుపులో పెట్టుకుని పోయిన నెల ప్రశాంతి ముందు కూర్చున్నాను. ఆ పిల్ల ఏదో మందు చల్లి, మెత్తటి బ్రష్షుతో కొత్త రికార్డును కూడా తుడుస్తుంటే నవ్వొచ్చింది. మా అమ్మ చేసిందీ కడగడమే, కాకపోతే ఇంత ఖరీదైన కుంకుడుకాయ ఆమెకు దొరకలేదు. రెండో వైపే పెట్టమన్నాను. స్పీకర్లలోంచి వచ్చిన ఆ గాలీ, ఆ మనిషి ఊపిరీ, మీటల మీద వేళ్ళ చప్పుడూ మా పాత ప్లేయరు ఎన్నడూ వినిపించలేదు. చివరి పాటలో సాక్సోఫోన్ దిగుతోంది, దిగుతోంది. నా చెయ్యి దానంతట అదే ముల్లు వైపు లేచింది. "ఏం చేస్తాండావ్ అత్తా!" అని ప్రశాంతి పట్టుకుంది. టక్. కిర్ర్.

అదే దెబ్బ, అదే మూలుగు. నేను తోమని రికార్డులో, ఆచారి మామ బండ తాకని రికార్డులో కూడా ఉంది. పాట ఆగలేదు. ఆ మనిషి ఊపిరి తీసుకుని, ఏమీ జరగనట్టు, ఇంకా పైకి అందుకుని వాయించాడు. "అదేందది?" అన్నాను. "ఎవురో కుర్చీలో కదిలి ఉంటారు అత్తా, కాలు యాడో తగిలి ఉంటాది. పాట వాయించిన రోజు ఆ గదిలోని సద్దు అది, టేపులోనే ఉంది" అంది. నేను పీచు సంగతి చెప్పాను, మొట్టమొదటిసారి ఒక మనిషికి. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "గీత పడితే రికార్డు తిరిగిన ప్రతిసారీ టక్ టక్ మంటాది కదా. ఇది ఒక్కసారే మోగింది. మీరు ఇంకొక్క చుట్టు తిరగనిచ్చింటే తెలిసిపోయేది." బీరువా అడుగునుంచి పాత రికార్డు తీసి పెట్టించాను. గరగరలున్నాయి, నా పీచు పుణ్యం కొంత ఉండే ఉంటుంది. కానీ ఆ టక్కు ఒక్కసారే మోగింది, అదే చోట, అట్లానే. ఒక్క చుట్టు. రెండు సెకన్లు కూడా పట్టదు. ఆ రెండు సెకన్లు ఆగలేక మేము యాభై ఏళ్ళు ఆగాము. నేను నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను, ప్రశాంతి భయపడి మంచినీళ్ళు తెచ్చింది. వీపు మీది మూట ఎవరో దించేసినట్టుంది. ఆ మూటతోనే నడవడం అలవాటై నడుము వంగిందని అది దిగాకగానీ తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ప్లేయరుతో సహా ఆళ్ళగడ్డ బయల్దేరాం. ఆ కాలంలో ఈ దారి బస్సులో సగం పూట పట్టేది, ఇప్పుడు శిరివెళ్ళ దాటి నేను మాట సర్దుకునేలోగా ఊరు వచ్చేసింది. ఆచారి మామ ఇంటి ముందు రాతికోత మిషను గోల చేస్తోంది. ఇసుకా నీళ్ళూ పోసి పొద్దు వాలేదాకా రుద్దేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఆయన లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఎనభై దాటి బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. "సుగుణను మామా, రత్నం సారు కూతురిని" అనగానే, "కోడలా!" అని నోరంతా తెరిచి నవ్వాడు. మిషను ఆపించాడు. ప్రశాంతి దుమ్ముకు గుండెలు బాదుకుంటూ నాలుగుసార్లు తుడిచి రికార్డు పెట్టింది. టక్కు వచ్చింది, దాటింది, పాట ముగిసేదాకా సాగింది. మామ మోకాలి మీద వేలితో సుత్తి దెబ్బల్లా తాళం వేస్తూ విన్నాడు.

పాట అయిపోయాక మంచం పక్కన కింద కూర్చుని చెప్పేశాను. "మామా, ఆ సద్దు నీ బండది కాదు. పాట వాయించిన గదిలో ఎవురో కుర్చీలో కదిలినారంట, పుట్టుకతోనే దాంట్లో ఉంది. కానీ అప్పుడు నేను చేసినాననుకున్నా. శనివారం పీచుతో తోమినా. నువ్వు తప్పు నీ మీద వేసుకుంటాంటే చెప్పలేకపోయినా."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు, ఆ అరచెయ్యి ఇప్పటికీ రాయిలాగే గరుగ్గా ఉంది. "నాకు తెలుసు గదమ్మా. అంచున పీచుపోగు ఒకటి ఇరుక్కోనుంది. ఎలుతురుకు పెడితే కనపడింది. నేనే గిల్లి జేబులో ఏసుకున్యా."

 ప్రశాంతి అడిగింది, "మరి మీ బండలో పగులుందని ఎందుకు చెప్పినారు తాతా?"

"పసిబిడ్డ. అయ్యవారు ఒక దెబ్బ ఏసింటే ఆ దెబ్బ జల్మంతా ఉంటాది. నా బండకు ఒక మాట పడితే ఏం పోయె? కొట్టి, చెవి పెట్టి ఇని తీసుకున్న బండ. నా బండ నాకు తెల్దా?"

"అయితే మా ఇంటికి ఎందుకు రాకపోతివి మామా?" అన్నాను. యాభై ఏళ్ళుగా నన్ను తిన్న ప్రశ్న అది.

"వస్తే అయ్యవారు మళ్ళా అడుగుతాడు, ఆచారీ నీ బండలో పగులేందని. అబద్ధం ఒకసారి సెప్పినా. రెండోసారి ఆయన మొగం సూసి సెప్పను నాతో కాదు."  అంతలోనే ఉండబట్టలేనట్టు పెద్దగా నవ్వాడు. "నీ తప్పూ ల్యా, నా బండ తప్పూ ల్యా. ఎవుడో దొర కుర్సీలో కుదురుగా కూర్సోల్యా, దానికి మనం ముగ్గురం ఇన్నేండ్లు మూతులు ముడుసుకున్యాం!"

నేనూ నవ్వాను. నాయన కూడా ఉండి ఉంటే అనుకున్నాను, ఆ అనుకోవడంలో ఈసారి ముల్లు గుచ్చుకోలేదు. మామ వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ప్రశాంతికి చెయ్యి ఊపాడు.

"మళ్ళా పెట్టు పాపా. అయ్యవారి వంతు కూడా ఇనాల. ముల్లు మాత్రం ఎవురూ ఎత్తాకండి."